సున్నం ఆరేదాకా

గోడని తట్టి వినమని నాకు నేర్పినాయన ఒక తాపీ మేస్త్రి. అప్పటికి నాకు ఆరేళ్ళ సర్వీసు, ఇంజనీరింగ్ చదివాను, కొత్త బిల్డింగులు కట్టించాను, అన్నీ తెలుసనుకునే వయసు. ఆయన వేలి కణుపుతో గోడ మీద జానెడు దూరానికొకసారి కొట్టుకుంటూ వెళ్తున్నారు, టక్ టక్ టక్, ఒకచోటికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది, ఖాళీ డబ్బాని కొట్టినట్టు. "ఇక్కడ గుల్ల సార్. గార గోడని వదిలేసింది. పైకి బాగానే కనబడతది, లోపల చెయ్యి దూరేంత సందు ఉంటది" అని సుద్దముక్కతో చుట్టూ గీత గీశారు. సాయంత్రానికి ఆ హాలు గోడల నిండా సుద్ద గీతలే, చిన్నవీ పెద్దవీ, పిల్లలు గీసిన మబ్బుల్లా. ఆ గీతల బయట ఉన్న గార జోలికి వెళ్ళొద్దు, బాగున్నదాన్ని చెక్కితే పాపం అన్నారు. పాత కట్టడాల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

అది కట్టి నూరేళ్ళు దాటిన ప్రభుత్వ కార్యాలయం. రెండంతస్తులు, చుట్టూ పొడుగాటి వరండాలు, మూరెడుకి పైగా మందం ఉన్న గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన మిద్దె, నడుమ ఒక గడియారం గోపురం. గడియారం ఎప్పుడు ఆగిపోయిందో అక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరికీ గుర్తు లేదు. రికార్డు రూములో గబ్బిలాలు, పిట్టగోడ పగుళ్ళలో రావి మొక్కలు, వానొస్తే మెట్ల కింద బకెట్లు. నన్ను అక్కడ వేసినప్పుడు తోటివాళ్ళు జాలిపడ్డారు, కొత్త పనుల్లో ఉండాల్సినవాడివి పాత కొంపలో పడ్డావే అని. మొదటి రెండేళ్ళు అతుకులు వేసుకుంటూ, తర్వాత మూడేళ్ళు మొత్తంగా బాగుచేస్తూ, ఆ పైన తొమ్మిదేళ్ళు దాని బాగోగులు చూసుకుంటూ, పధ్నాలుగేళ్ళు ఆ పాత కొంపలోనే ఉన్నాను. బదిలీ వచ్చిన రోజు వరండా స్తంభం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను, కళ్ళనీళ్ళు ఆగలేదు.

మొదట్లో నేను చేసిన తప్పు ముందు చెప్పేయాలి. కింది అంతస్తు గోడలకి నిమ్ము ఎక్కేది. మోకాలెత్తు దాకా గార పొట్టులా రాలి, తెల్లగా ఉప్పు పూసేది. నేను చదువుకున్న చదువు ప్రకారం నడుమెత్తు వరకూ పాత గార అంతా చెక్కించి దిట్టంగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. నున్నగా, గట్టిగా వచ్చింది, చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి నిమ్ము నా సిమెంటుని దాటి ఛాతీ ఎత్తుకి ఎక్కింది. ఒకచోట ప్లాస్టరింగ్ అట్టముక్కలా ఊడి కిందపడితే వెనకాల ఇటుకలు కనిపించాయి, వేలు పెడితే పిండిలా రాలుతున్నాయి. నూరేళ్ళు నిలబడ్డ ఇటుక నా చేతుల మీదుగా పిండి అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకలా అయిందో తర్వాత నెమ్మదిగా అర్థమైంది. అలాంటి పాత గోడలకి పునాది దగ్గర నిమ్మును ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల్లోకి పాకుతుంది, సున్నపు గార గుండా గాలికి ఆరిపోతుంది, అంతే, అదొక సర్దుబాటు. గోడ ఊపిరి పీలుస్తుందని మేస్త్రీలు అనేది దీన్నే. నేను వేసిన సిమెంటు ఆ దారి మూసేసింది. తడి వేరే దారి లేక పైకి ఎక్కింది, దాంతో వచ్చిన ఉప్పు బయటికి రాలేక ఇటుక లోపలే స్ఫటికాలు కట్టి దాన్ని లోపలినుంచే చిదిపేసింది. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లాండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు పేటెంటు తీసుకున్నది 1824లో. అంతకుముందు వేల ఏళ్ళుగా మనుషులు ఇళ్ళూ కోటలూ వంతెనలూ సున్నంతోనే కట్టుకున్నారు. ఆ పాత పద్ధతి నాకు కాలేజీలో ఒక్క పేజీలో అయిపోయింది.

మేస్త్రి గారు మాత్రం ఒక్క మాటలో తేల్చారు. "అతుకు ఇటుక కంటే మెత్తగా ఉండాలి సార్. దెబ్బ తగిలితే సున్నం పోవాలి గాని ఇటుక పోకూడదు. సున్నం మళ్ళీ పెట్టుకోవచ్చు."

నేను వేయించిన సిమెంటు అంతా నేనే దగ్గరుండి తీయించాను. సుత్తీ ఉలీతో, అంగుళం అంగుళం. మెషీను పెడితే ఇటుక కూడా వచ్చేస్తుందని మేస్త్రి గారు ఒప్పుకోలేదు. ఆ పనికే నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలూ ఇంకోపక్క గుంటలో సున్నం మగ్గుతోంది. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేయడం మొదటిసారి చూసినప్పుడు నిజంగా భయమేసింది. తెల్లటి రాయి, చల్లటి నీళ్ళు, కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా బుడబుడలు, ఆవిరి, పగుళ్ళు, నీళ్ళు కుతకుతా ఉడికిపోవడం. కంట్లో పడితే చూపు పోతుందని మేస్త్రి గారు అందరినీ దూరంగా నిలబెట్టారు. ఆ రాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది, నీళ్ళు పోస్తే వెన్నలాంటి ముద్ద అవుతుంది, గోడకి పూసాక గాలిలోంచి అదే వాయువుని నెమ్మదిగా మళ్ళీ తీసుకుని తిరిగి రాయి అవుతుంది. సున్నం ఆరిందా ఆరిందా అని నేను రోజూ అడుగుతుంటే, ఆరడం కాదు సార్, రాయి కావాలి అనేవారు మేస్త్రి గారు. రసాయనశాస్త్రం చదివిన నాకు చదువుకోని ఆయన సరైన మాట అందించారు. ప్రాచీన రోమ్‌లో మూడేళ్ళు మగ్గని సున్నం పూతకి వాడకూడదని నియమం ఉండేదట. మాకు దొరికింది నాలుగు నెలలే. ఆ మగ్గిన ముద్దకి ఇసుకా సుర్కీ కలిపి గానుగలో నూరితే వచ్చే డంగు సున్నం వాసన, తడిసిన కొత్త మట్టికుండ వాసనలా ఉంటుంది, నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. సుర్కీ అంటే కాల్చిన ఇటుకల పొడి, అది కలిస్తే సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది.

గార ఒకేసారి మందంగా వేస్తే పగిలిపోతుంది. పల్చటి పొర, దాన్ని తడి గోనెసంచులతో కప్పడం, రోజుకి మూడునాలుగు సార్లు నీళ్ళు చిలకరించడం, అది కుదురుకున్నాక ఇంకో పొర. పైనుంచేమో ఎప్పటికి పూర్తవుతుంది, ప్రారంభోత్సవం తేదీ చెప్పండి అని ఫోన్లు. నాకు ఒకటే టెన్షన్. ఒకసారి మీటింగులో తేదీ చెప్పేసి వచ్చాను, వచ్చి మేస్త్రి గారికి చెబితే ఆయన కోప్పడలేదు, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గార మీద గోటితో గీయమన్నారు. గోరు దిగింది. "ఇది మీరు చెప్పిన తేదీకి వినదు సార్" అన్నారు. మర్నాడు వెళ్ళి తేదీ వెనక్కి తీసుకున్నాను, చివాట్లు తిన్నాను, దానికి నేనెప్పుడూ బాధపడలేదు.

రంగుల గొడవ ఇంకొకటి. ఏ రంగు వేయాలన్నది మా అధికారుల్లో తలా ఒక మాట. అప్పుడు పురాతన కట్టడాల పని తెలిసిన ఒక ఆర్కిటెక్టు మేడం వచ్చారు. ఆపరేషన్ చేసే డాక్టర్లు వాడేలాంటి చిన్న కత్తితో వరండా గోడ మీద అగ్గిపెట్టె అంత చోట ఒక్కో పొరా గీసుకుంటూ వెళ్ళారు, మెట్లు మెట్లుగా. పైన మేం వేసిన పసుపు, దాని కింద గులాబీ, దాని కింద ఏదో ముదురు ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు, మళ్ళీ తెలుపు... పదకొండు పొరలు లెక్కపెట్టాను. అట్టడుగున గంధపు రంగులో లేతగా ఒకటి, భూతద్దంలో చూస్తే ఇసుక రేణువులు మెరుస్తున్నాయి. ఆ గోడ పుట్టినప్పటి రంగు. నూరేళ్ళ తర్వాత దాన్ని చూసిన మొదటి మనుషులం మేమిద్దరమే అని మేడం అన్నప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ అగ్గిపెట్టె అంత చోటుకి తర్వాత కూడా రంగు వేయనివ్వలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

పై అంతస్తు మెట్ల కటకటాల్లో చెక్కడపు కొయ్యలు కొన్ని పోయాయి. మిగతావాటిని చూసి అచ్చు అలాగే చెక్కించి పాతరంగు వేసేస్తే ఎవరూ కనిపెట్టలేరని నేనన్నాను. మేడం ఒప్పుకోలేదు. 1964లో వెనిస్‌లో ప్రపంచంలోని నిపుణులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక ఉంది, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది అందులో మాట, కొత్తగా పెట్టిన భాగం పాతదాంతో కలిసిపోవాలి గాని తనే పాతదని నమ్మించకూడదన్నది ఇంకో మాట. అందుకని అదే కొలతలో, అదే కర్రతో, నగిషీ లేకుండా సాదాగా చేయించాం. దూరంనుంచి చూస్తే తేడా తెలియదు, మెట్లెక్కుతూ చెయ్యి వేస్తే తెలుస్తుంది. మొదట్లో నాకు వెలితిగా అనిపించేది, తర్వాత్తర్వాత ఆ సాదా కొయ్యల మీదే చెయ్యి ఆగేది.

ఒక పాత బీరువా జరిపితే దాని వెనక గోడ మీద పెన్సిల్ గీతలు బయటపడ్డాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, అలా వరసలు వరసలు. కూలీల హాజరో, మోసిన బస్తాల లెక్కో. కట్టినప్పటిదే అయి ఉండాలి, అట్టడుగు పొర మీదే ఉన్నాయి మరి. కొందరు సున్నం కొట్టేయమన్నారు, ఏం విలువ దానికి అని. మేస్త్రి గారు మాత్రం తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని వాటి ముందు నిలబడ్డారు, మావాళ్ళ లెక్క సార్ ఇది అన్నారు. అద్దం బిగించి ఉంచేశాం. బెర్లిన్‌లో రైష్టాగ్ భవనాన్ని బాగుచేసి 1999లో మళ్ళీ పార్లమెంటుకి ఇచ్చినప్పుడు, 1945లో సోవియట్ సైనికులు గోడల మీద రాసిన రాతల్ని కొన్నిటిని అలాగే ఉంచారని చాలా కాలం తర్వాత చదివాను. మా పెన్సిల్ గీతలే గుర్తొచ్చాయి.

పగుళ్ళ సంగతి. పగులు కనబడగానే పూడ్చేయకూడదు, అది పాతదా, ఇంకా కదులుతోందా చూడాలి. దానికి అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి రెండు చివర్లూ అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు ఠప్పున విరుగుతుంది. పద్దెనిమిది చోట్ల పెట్టాం. ఏడాదిలో విరిగింది రెండే, రెండూ ఆగ్నేయ మూలలోనే. ఆ మూలకి కొత్త పునాది వేయాలని పెద్ద ఎస్టిమేట్ కూడా తయారైంది. తీరా తవ్వి చూస్తే మిద్దె మీద నీళ్ళు దించే గొట్టం నేల దగ్గర విరిగి, ఎన్నేళ్ళనుంచో వాననీళ్ళన్నీ పునాది పక్కనే ఇంకుతున్నాయి. గొట్టం మార్చి నీళ్ళు దూరంగా పోయేలా కాలువ తీశాం. కొత్త గాజు పట్టీలు పెట్టాం. నేనున్నంత కాలం అవి విరగలేదు.

దూలాలూ అంతే. మొత్తం కప్పు తీసేసి స్లాబు వేయాలనే మాట గట్టిగానే వచ్చింది. ఒక్కో దూలాన్ని సన్నటి సూదితో పొడిచి చూస్తే, మధ్యలో ఇనుములా ఉన్నాయి, గోడలో దూరిన చివర్లు మాత్రమే, అవీ తడి తగిలిన గోడల్లో ఉన్నవే, పుచ్చిపోయాయి. తొమ్మిది దూలాల చివర్లు కోసి కొత్త టేకు అతికించి పట్టీలు బిగించాం, అంతటితో సరిపోయింది. అన్నిసార్లూ అంత సులువుగా బయటపడతామని కాదు. అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌లో 1948లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ కూతురి పియానో కాలు నేలలోకి దిగబడింది, ఏళ్ళ తరబడి గొట్టాల కోసం, వైర్ల కోసం దూలాల్ని కోసుకుంటూ పోయిన పాపం అది. ట్రూమన్ కుటుంబం వేరే ఇంటికి మారింది, బయటి గోడలు మాత్రం ఉంచి లోపలంతా తీసేసి ఉక్కు చట్రంతో మళ్ళీ కట్టారు, 1952కి గాని పూర్తి కాలేదు. మా ఆఫీసులో ఎవరైనా డ్రిల్లు మెషీను పట్టుకుని వస్తే నేను ఈ కథే చెప్పేవాణ్ణి.

బాగుచేయడం కంటే బాగుచేశాక కాపాడుకోవడమే కష్టం, దాన్ని గురించి ఎవరూ రాయరు. అది మ్యూజియం కాదు, రోజూ జనం వచ్చిపోయే ఆఫీసు. అలా వాడుకలో ఉండటమే దానికి రక్ష, తాళం వేసిన కట్టడం వాడే కట్టడం కంటే ముందు పాడైపోతుంది. కానీ వాడేవాళ్ళకి అవసరాలు ఉంటాయి. ఒక సెక్షన్‌కి ఏసీ కావాలి, ఇంకొకరికి పార్టిషన్ కావాలి, ఇంకొకరికి గోడకి బీరువా బిగించాలి. కాదనేసి కూర్చుంటే పని జరగదు, వాళ్ళదీ న్యాయమే, ఎండాకాలం ఆ పై గదుల్లో కూర్చోవడం నాకు తెలుసు. అందుకని గోడకి తగలకుండా నిలబడే అరలు చేయించాం, వైర్లన్నీ గోడ తొలవకుండా పైనుంచే ఒకే దారిలో నడిపించాం, ఎప్పుడో మేకులు కొట్టి మూసేసిన వెంటిలేటర్లు తెరిపించాం. ఎత్తైన ఆ వెంటిలేటర్లు తెరుచుకున్న మొదటి మధ్యాహ్నం వేడిగాలి పైకి లేచిపోయి, వరండా వైపు నుంచి చల్లగాలి నేల వెంబడి వచ్చింది. టైపిస్టుగా చేసే ఆవిడ కాగితాల మీద బరువు పెట్టుకుంటూ, ఇన్నేళ్ళూ ఈ గాలంతా ఎక్కడుంది సార్ అని అడిగారు.

రికార్డు రూము అంటే నాకు ఎప్పుడూ భయమే. పాత కాగితాలు, చెక్క అరలు, పైన చెక్క కప్పు. పనికిరాని ఫైళ్ళని పెరట్లో తగలబెట్టేద్దామని ఎవరో అనగానే నా గుండె గుభేలుమనేది. లండన్‌లో 1834 అక్టోబరు 16న పాత పార్లమెంటు భవనం కాలి బూడిదైంది ఇలాంటి పని వల్లే. పూర్వం గాట్లు పెట్టి పన్నుల లెక్క ఉంచుకున్న, వాడుకపోయిన కర్రల్ని వదిలించుకోవడానికి కొలిమిలో కుక్కి కాలిస్తే, పొగగొట్టాల వేడికి మొత్తం అంటుకుంది. మేం పాత కాగితాల్ని బండిలో బయటికి పంపించాం. మరమ్మతులు జరిగేటప్పుడు కప్పు దగ్గర వెల్డింగు చేయనివ్వలేదు, సాయంత్రం పని ఆగాక గంటసేపు ఒక మనిషి అక్కడే కూర్చోవాలని పెట్టాను, చాలాసార్లు నేనే కూర్చున్నాను. 2019 ఏప్రిల్‌లో ప్యారిస్‌లో నోత్రదామ్ చర్చి కప్పు తగలబడుతుంటే, 2024లో కోపెన్‌హాగన్‌లో పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ గోపురం కూలిపోతుంటే టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. రెండు చోట్లా అప్పుడు మరమ్మతులే జరుగుతున్నాయి. పాత కట్టడానికి పరంజా కట్టి ఉన్న రోజులే అన్నిటికంటే ప్రమాదమైన రోజులు.

బిల్డింగ్ కోసం ఒక రిజిస్టరు పెట్టాను, నల్ల అట్టది. నెలకోసారి మిద్దె మీంచి కింది కాలువల దాకా తిరిగి చూసినవన్నీ అందులో రాయాలి. మొక్క మొలిచిందా, గొట్టాల మూతులు శుభ్రంగా ఉన్నాయా, ఏ పెంకు కదిలింది, ఏ కిటికీ బందు వదులైంది. వానాకాలం ముందు రెండుసార్లు. రావి మొక్క రెండాకులప్పుడే పీకితే వేలితో వస్తుంది, ఏడాది ఆగితే పిట్టగోడతో సహా వస్తుంది. ఇంగ్లాండులో 1877లో విలియం మోరిస్ అనే కవి పాత కట్టడాల కోసం సంఘం పెట్టినప్పుడు కూడా చెప్పింది ఇదే, రోజువారీ సంరక్షణతో శిథిలాన్ని ఆపండి అని. నాతో తిరిగే అటెండరు గారికి ఆ సంగతి తెలియదు గాని, పొద్దున్నే రాగానే వరండా చివరిదాకా ఒక చుట్టు తిరిగిరానిదే కుర్చీలో కూర్చునేవారు కాదు. రిజిస్టరులో సగం రాతలు ఆయన చెప్పినవే.

గడియారం చివరికి ఆడింది. ఎక్కువేం లేదు, పావురాల రెట్ట గట్టిపడి పళ్ళ చక్రాలు పట్టేశాయి, బరువు వేలాడే ఇనుప తాడు తెగింది. శుభ్రం చేసి నూనె పెట్టి తాడు మార్చాక మొదటి గంట కొట్టినప్పుడు కింద అందరూ పని ఆపి బయటికి వచ్చారు. మేస్త్రి గారు అప్పటికి లేరు.

ఈమధ్య ఒక సర్టిఫికెట్ పని మీద అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. వాన పడుతోంది. నన్ను గుర్తుపట్టేవాళ్ళెవరూ లేరు, అందరితోపాటు క్యూలో నిలబడ్డాను. చెయ్యి అలవాటుగా గోడ మీదకి వెళ్ళింది, పొడిగా ఉంది. ఆ తర్వాత తలెత్తి చూస్తే కప్పు అంచున అరచేయంత తడి మరక. పాతది కాదు, అప్పుడే మొదలైనది, అంచు ఇంకా పాకుతోంది. నా వంతుకి ముగ్గురే ఉన్నారు. క్యూ వదిలేసి అటెండరు కోసం వెతికాను. పాతిక దాటని కుర్రాడు వచ్చాడు, ఎవరు సార్ మీరు అన్నాడు, ఇక్కడ పనిచేశాను బాబూ, మిద్దె మీదకి దారి ఇటేగా అన్నాను. ఏమనుకున్నాడో గొడుగు తీసుకుని వెంట వచ్చాడు. చీలమండ లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి. గొట్టం మూతి దగ్గర నేను వంగబోతే మీరుండండి సార్ అని తనే చెయ్యి పెట్టి, పావురం గూడు పుల్లలూ ఒక పాలిథిన్ కవరూ కలిసిన ముద్దని బయటికి లాగాడు. నీళ్ళు గుడగుడమంటూ సుడి తిరిగి దిగిపోయాయి. ఇద్దరం అక్కడే నిలబడి మిద్దె ఖాళీ అయ్యేదాకా చూశాం. దిగి వస్తుంటే మెట్ల దగ్గర ఆ కుర్రాడు ఆగి, ఇంకెక్కడ చూసుకోవాలి సార్ అని అడిగాడు. వరండా చివరికి తీసుకెళ్ళి గోడని తట్టి చూపించాను.